చొచ్చుకొచ్చిన ఇసుక

"మేనత్తోళ్లు తుక్కుగూడ నుంచి వస్తుండ్రు. జల్ది ఇంటికి రా. రాళ్లేమన్న లేసి ఉరుకుతయా?" పొద్దున బెండకాయలు తరుగుతుంటే భర్త జగదీశ్ అన్న మాట, శిరీష శంషాబాద్‌లోని చమురు కంపెనీ ఆఫీసు చేరినా ఆమెను వదల్లేదు.

షెడ్డులో బల్లమీద కోర్ ఉంది. లోతు సముద్రం అడుగున చమురుబావి తవ్వుతూ కోసి తీసిన రాతి కడ్డీ. కింద బురదరాయి, నడుమ ఇసుకరాయి, పైన మళ్లీ బురదరాయి. ఆ ఇసుక అక్కడే పేరుకుందని మేనేజర్ నమ్మకం. అలాగైతే అది పరుపులా దూరం పరుచుకుని ఉంటుంది, పక్కన ఇంకో బావి తవ్వొచ్చు. శిరీష తడిగుడ్డతో రాయిని తుడిచింది. అత్తమ్మ మందులు, నానబెట్టని పప్పు, పాప యూనిఫారం, ఒకదాని మీదొకటి తోసుకొస్తున్నాయి. ఇంట్లో ఉంటే రాయి, రాయి దగ్గరుంటే ఇల్లు. ఎక్కడా కుదురు లేదు. అప్పుడు కనబడ్డాయి, ఇసుకలో కోసుగా విరిగిన బురద ముక్కలు. పై పొరవే.

ఆ మాట చెప్పబోతే మేనేజర్ నవ్వాడు. "చందు చూసుకుంటాడండీ. మీటింగుకొచ్చే భాగస్వామ్య కంపెనీవాళ్ల భోజనాల సంగతి మీరు చూడండి."

మధ్యాహ్నం మీటింగులో తోటి ఉద్యోగి చందు ఆమె తీసిన ఫొటోలే తెరమీద చూపిస్తూ, ఇసుక అక్కడే పేరుకుందన్నాడు. తలుపు దగ్గర నిలబడ్డ శిరీషకు కాళ్లు ఆగలేదు. లోపలికి నడిచింది.

"గట్ల కాదు సార్. పైనున్న బురద తర్వాత పడ్డది. ముందే పేరుకున్న ఇసుకల దాని ముక్కలెట్లుంటయి? ఇసుక కిందినుంచి ఒత్తిడికి పగుళ్లల్లకు చొచ్చుకొచ్చింది. పైపొరను చీల్చుకుంట వచ్చింది. పక్కన బావి తవ్వితే గక్కడ ఉంటదని నమ్మకం లేదు."

"ఆ వివరాలు ఇప్పుడెందుకండీ," అన్నాడు మేనేజర్. భాగస్వామ్య కంపెనీ పెద్ద ముష్తాక్ అప్పటికే లేచాడు. అందరితో షెడ్డుకెళ్లి, రాయిని భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"బావి జాగ ఇప్పుడే ఖాయం చెయ్యొద్దు," అన్నాడు. శిరీష వైపు తిరిగాడు. "తర్వాతి కోర్ తీసేటప్పుడు సముద్రంల బావి తవ్వే రిగ్గు మీద మీరే ఉండాలె. పోతరా?"

"ఆవిడకి ఇల్లూ, పిల్లా ఉన్నారండీ. చందు వెళ్తాడు," మేనేజర్ ఆమె తరఫున జవాబిచ్చేశాడు.

"పోత సార్," అంది శిరీష.

బయటికొచ్చేసరికి ఫోన్ మోగింది. విమానమొకటి నెత్తిమీదుగా పోయేదాకా ఆగి, రిగ్గు సంగతి చెప్పింది.

"ఎవర్నడిగి ఒప్పుకున్నవ్?" అన్నాడు జగదీశ్.

"నన్నే అడిగిన."