వంగపండు రంగు మచ్చ

పెంటప్ప అంగిట్లో వంగపండు రంగు మచ్చ కనబడితే మరాఠీ ఊళ్లోని తెలుగు నేతగాళ్ల వాడ దాజీ పేట్‌లో ఎవరూ కంగారుపడలేదు. రంగు నూలు నేసేవాళ్ల నోట్లో రంగు లేకపోతేనే వింత. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో కొత్త నూలు కండె పెట్టినప్పుడల్లా, నాడె కంటికి పెదవులానించి, దారం కొసను ఊపిరితో ఇవతలికి లాగాలి. పొద్దుగూకేసరికి ఏ రంగు నేస్తే నాలుక ఆ రంగు.

"ఈయాల వంకాయకూర తిన్నవా పెంటప్పా?" అని పక్క మగ్గం శంకర్ వెక్కిరిస్తే పెంటప్ప కూడా నవ్వేవాడు. తనూ రంగే అనుకున్నాడు. ఉప్పునీళ్లు పుక్కిలించాడు, వేపపుల్లతో గీకాడు. రక్తం వచ్చింది గానీ మచ్చ పోలేదు.

నెలలు గడిచాక గొంతులో కూడా ఏదో అడ్డంపడి, జొన్న భాకరీ రొట్టె దిగకుండా అయితేనే పెద్దాసుపత్రికి వెళ్లాడు. డాక్టరు మచ్చలోంచి చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాడు, రక్తం తీయించాడు. హెచ్ఐవి ఉందన్నాడు. అంగిట్లోది రంగు కాదట, కపోసి సార్కోమా అట, హెచ్ఐవి ముదిరినవాళ్లకు వచ్చే క్యాన్సరట. రోజూ గోళీలు, అంగిట్లో గడ్డలోకే సూది, గొంతుకు కరెంటు వైద్యం. ఇంటికొచ్చి అంతా భార్య విమలకు చెప్పాడు. తెల్లారి ఆమె సిరిసిల్ల బస్సెక్కి తల్లిగారింటికి పోయింది. నువ్వూ పరీక్ష చేయించుకోమన్న మాట చెవిన పెట్టలేదు.

ఒక్కరికి చెబితేనే ఇల్లు ఖాళీ అయింది. ఇంకొకరికి చెప్పే ధైర్యం పెంటప్పకు లేదు. కార్ఖానాలో రంగు పేరునే నడవనిచ్చాడు. సూది పడ్డ రోజుల్లో నోరంతా పుండయ్యేది. మధ్యాహ్నం అందరూ భాకరీ, పల్లీల శేంగా చట్నీ పంచుకుంటుంటే, తను జొన్నగట్క మజ్జిగలో కలుపుకుని గోడవైపు తిరిగి తాగేవాడు. ఆ చట్నీ వాసనకు ఏడుపొచ్చేది.

కండెలు చుట్టే పార్వతీబాయి ఊరుకునే మనిషి కాదు. కార్ఖానా యజమాని శేట్ రామచంద్రం మీదికి పోయింది. "రంగు మింగి మింగి పిలగాని నోరు ఖరాబైంది. తెల్ల నూలియ్యిండ్రి."

శేట్ ఇచ్చాడు. అప్పటికే మందులు పనిచేయడం మొదలైంది, మచ్చ పల్చబడింది. అదంతా తెల్ల నూలు మహిమే అని కార్ఖానా తేల్చేసింది. మన దగ్గర వైద్యులకేం కొదవ! "నోరు తెరువు తమ్మీ," అని పార్వతీబాయి అందరినీ పిలిచి మరీ చూపించింది. సంతోషమే, కానీ అసలు సంగతి చెప్పుకుని సంతోషపడటానికి పెంటప్పకు ఒక్క మనిషి లేడు.

"విమలకు కబురంపిన," అంది పార్వతీబాయి. "రంగు మచ్చనే, తగ్గిందని. ఆయితారం ఫోన్ జెయ్యమన్నది."

ఆదివారం కొంతం చౌక్‌లో ఎస్టీడీ బూతుకు వెళ్లి, సిరిసిల్లలో ఆమె ఇంటి పక్క బట్టల దుకాణానికి ఫోన్ కలిపాడు.

"తగ్గిందట గద?" అంది విమల.

"తగ్గింది."

"అయితే అది రంగేనా? డాక్టరు ఉత్తగనే బెదిరిచ్చిండా?"

ఆ గొంతులో ఆశ విని పెంటప్పకు ప్రాణం లేచొచ్చింది. ఔనంటే చాలు, రాత్రి బస్సుకే వస్తుంది. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఔనంటే, జన్మలో ఇక రక్తం చూపించుకోదు.

"కాదు విమలా. సూదులకు తగ్గింది. జబ్బున్నది. నువ్వు గూడ రక్తం జూపిచ్చుకో. మందులున్నయ్."

అవతల దుకాణంలో ఎవరో చీర బేరమాడుతున్నారు, అదే వినబడుతోంది.

"మింగుడు పడ్తుందా?" అంది చివరికి.

ఇన్నాళ్లలో అతన్ని ఆ మాట అడిగినవాళ్లు లేరు.

"గట్క పడ్తుంది. భాకరీ ఇంకా పడ్తలేదు."

"రేపు పోత దవాఖానకు," అని ఫోన్ పెట్టేసింది. వస్తానని మాత్రం అనలేదు.

"ఝాలం కా?" అయిందా అని వెనక నిలబడ్డ మనిషి మరాఠీలో తొందరపెట్టాడు.

"ఝాలం," అని పెంటప్ప రిసీవరు పెట్టేసి, దారి ఇచ్చాడు.