మొగులు తూకం

ఉదయం ఆరూ పదికి ధర్మసాగర్ కట్ట మీద మొగులు తిరుమలను వీపు మీది నుంచి విదిలించి పడేసింది, ఇది రెండోసారి, మోచేయి చర్మం లేచింది, నొప్పి తెలియడం లేదు, ఎనిమిదికి వరంగల్ కోటలో, ఆ కోటనేలే రాజు అన్నను ఉరి తీయిస్తాడు, ఇక్కడి నుంచి కోటకు రెక్కల మీద పావుగంట, ఆ పావుగంట కోసమే రెండేళ్లు నేర్చుకున్నట్టుంది ఇప్పుడు, గుడ్డు పగిలిన రోజు నుంచి దానికి మాంసం నోటికి అందించింది తనే, పేపర్లలో డ్రాగన్ అంటారు, ఊళ్లో రెక్కలపాము అంటారు, తనకు మాత్రం మొగులు, పిలిస్తే ఇప్పటికీ వస్తుంది, చేయి నాకుతుంది, ఎక్కితే విసిరేస్తుంది, కళ్లు గుర్తుపట్టిన మనిషిని వీపు గుర్తుపట్టడం లేదు.

గుర్తుపడతలేదు బిడ్డా, నువ్వు సగమైనవ్, అంటున్నాడు ఎల్లస్వామి మామ కట్ట మీద గొంతుక్కూర్చుని, రెక్కలపాములను మచ్చిక చేసేది ఆయనే, ఆయన పద్ధతి ఒక్కటే, స్వారీ చేసే మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం సంచికెత్తి పిల్లపాముతో ఏడాది మోయించాలి, తర్వాత ఆ బెల్లాన్ని మేడారంలో వనదేవతలైన తల్లులకు బంగారమని ఇచ్చుకోవాలి, ఆ బరువు తప్ప మరొకటి అది వీపు మీద నిలవనీయదు, రాజు మనుషులు ఎత్తుకెళ్లిన పాములు వాళ్లనే నేలకేసి కొట్టాయి, అప్పుడు ఊరంతా నవ్వింది, తనూ నవ్వింది, అన్న అనిల్ తనను నడుం పట్టి బస్తాలా లేపి చూసిన రోజు ఇంకా ఎక్కువ నవ్వింది, యాభై రెండు కిలోలు, కాంటా ఎందుకు, హమాలీ చెయ్యి అబద్ధమాడదు, పాపం ఆ పాము నడుం ఇరుగుతదో ఏమో మామా, జర చూస్కో, అన్నాడు, అదే అన్న కేసముద్రం యార్డులో బస్తాలు మోసిన అన్న, రాజు యార్డుకు తాళం వేయించి, పాములను దాచిన ఊళ్లకు గింజ పోకుండా చేస్తే, ఆ తాళం పగలగొట్టాడు, నిన్న ఫోన్లో వీడియో వచ్చింది, చేతులు వెనక్కి కట్టి రాతి తోరణం కింద నిలబెట్టారు, రాజు ముఖం కనిపించలేదు, గొంతు వినిపించింది, రేపు ఎనిమిదికి, అంతే.

తగ్గిన బరువుకు రాళ్లు కడదాం మామా అన్నది తనే, మొదటిసారి పడ్డాక, కట్టుకుని ఎక్కితే రాళ్లతో సహా పడేసింది, దానికి ఎరుకైనయి రెండే, నువ్వు, బెల్లం, అంటున్నాడు మామ, పోయిన వారం, తనలాగే స్వారీ నేర్చిన భానుచందర్‌ను అతని పాము కాజీపేట పట్టాల మీద పడేస్తే గాలి ఎక్కువైందనుకున్నారు, గాలి కాదు, భానుచందర్ కూడా నెల రోజులుగా గంజి మీదే ఉన్నాడు, ఆ రాజు పాములను పట్టలేక మన కంచాలను పట్టిండు బిడ్డా, మామ ఈ మాట నేలను చూస్తూ అన్నాడు, తన పద్ధతిని తనకే ఎదురు తిప్పారని అర్థమైన మనిషి ఇంకెక్కడ చూస్తాడు, తిరుమల మణికట్టు చుట్టూ వేళ్లు పెట్టి చూసుకుంది, బొటనవేలు మధ్యవేలిని దాటిపోయింది.

ఏడుంబావుకు బండి చప్పుడు, అమ్మ యాకమ్మ, టీవీఎస్ దిగి సంచిని కిందికి లాగుతోంది, ఆ సంచి, మొగులు మోసిన బెల్లం, రాజు మేడారం దారి మూసేసిన నాటి నుంచి దూలానికి వేలాడుతున్న తల్లుల బంగారం, ఆకలికి ఒకసారి తిరుమల సంచికి అంటిన జిగురు వేలితో తీసి నాకితే అమ్మ చెంప మీద కొట్టింది, దేవుని సొమ్ము ముట్టిన చెయ్యి అన్నం ముట్టదన్నది, అన్నం లేని రోజున, ఇప్పుడు ఆ అమ్మే మూతి విప్పుతోంది, అమ్మా అది తల్లులది, తల్లులకు నేను చెప్పుకుంటా, నువ్వు ఎక్కు, అన్నది అమ్మ, తన చీర చించి, వీపెక్కిన తిరుమల నడుముకు చుట్టి అందులో బెల్లం గడ్డ పెట్టింది, మొగులు చర్మం వణికింది, ఇంకో గడ్డ, వణికింది, ఇంకొకటి, మామ ఊపిరి బిగబట్టి దాని పక్కటెముకలనే చూస్తున్నాడు, ఇంకొకటి, వణుకు ఆగింది, మొగులు మెడ దించి రెక్కలు విప్పింది, రెండేళ్ల కింద విప్పినట్టే, చాలు, అన్నాడు మామ, అమ్మ ముడి బిగించి, దాని మీద ఇంకో ముడి వేసి, వెనక్కి జరిగి, పో బిడ్డా, అన్నది.

నీళ్లు కిందికి పోయాయి, కట్ట పోయింది, కాజీపేట పట్టాలు, భానుచందర్ పడిన చోటు, చూడొద్దు, హనుమకొండ మేడలు, మేడల మీద మనుషులు, ఎవరో చేయి ఊపారు, ఎవరో పరుగెత్తి లోపలికి పోయారు, మొగులు వీపు కాలుతోంది, ఎగిరేకొద్దీ కాలుతుంది, అందుకే పిల్లప్పుడు చెరువు మీద ఒక్క చుట్టే తిప్పేవాళ్లు, ఒకసారి ఆలస్యమై సగం బెల్లం కారిపోతే సంచిని నడి నీళ్లలో విసిరేసింది, ఆ రోజు మళ్లీ బెల్లం కొని తెచ్చింది అమ్మే, అప్పు చేసి, కరుగుతుందని అమ్మకు తెలుసు, మామకూ తెలుసు, తిరుమల నడుము తడుముకుంది, గుడ్డ తడిగా ఉంది, చెమట అనుకుంది, వేలు నోట్లో పెట్టుకుంది, తీపి, నెలల తర్వాత తీపి, ఇది పోవడానికి సరిపోతుంది, కోట మీద నిప్పు కక్కించి అన్న చుట్టూ ఉన్నవాళ్లను చెదరగొట్టడానికి సరిపోవచ్చు, ఆ తర్వాత దీని వీపు మీద తను ఎవరో దీనికి తెలియదు, బడికి పంపినా, బావికాడికి పంపినా, పక్కింటికి పంపినా పోయిరా అనే అమ్మ, ఒక్కసారి కూడా మరిచిపోని అమ్మ, ఇవాళ పో అన్నది.

ఏడూ నలభైకి కోట తోరణాలు కనిపించాయి. బెల్లం తొడల మీదికి కారుతోంది.