మంచి బొక్క

"మంచిగనే ఉండెనే నీ బొక్క!" అంది మా అత్త లక్ష్మవ్వ, నాకు జావ తాగిస్తూ.

తుంటి ఎముక ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున అది. నడుం కింద సగం ఒళ్ళు ఇంకా నాది కానట్టే ఉంది. ఆమె చెంచా నా నోటి దగ్గర పెట్టి, కళ్ళు మాత్రం నా తుంటి మీది కట్టుకి అంటించింది. "తెల్లగ, గుండ్రంగ, ఉడకవెట్టిన కోడిగుడ్డు లెక్క ఉండె. ఒక్క దిక్కు జరంత గీసుకపోయింది. గంతదానికే తీపిచ్చుకుంటివి" అంది.

నేను జావ మింగాను. ఇంకేం చేయను?

జగిత్యాలలోని ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. గర్భసంచి తీసినా, కడుపులో రాయి తీసినా, సిస్టర్ దాన్ని స్టీలు ట్రేలో పెట్టి థియేటర్ తలుపు దగ్గరికి తెచ్చి పేషెంటు తాలూకు వాళ్ళకి చూపిస్తుంది. నిజంగానే తీశామని నమ్మకం కలగాలి కదా. అవి తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. బస్సులు లేవు, ఏ పూట ఏ రోడ్డు మూస్తారో తెలియదు. తుంటి కీలు మార్చే డాక్టరు హైదరాబాదు నుంచి రావాలి. ఒక ఆదివారం ఆయనకి దారి దొరికితే ముగ్గురి కీళ్ళు ఒకేరోజు మార్చి వెళ్ళిపోయాడు. మొదట బోయినపల్లి మల్లక్క, తర్వాత నేను, ఆఖరున మా కోరుట్లలో రైసుమిల్లు ఉన్న జగపతిరావు దొర. బయట బెంచీ మీద మూడు ఇళ్ళ వాళ్ళూ కూర్చుని మూడు ట్రేలూ చూశారు.

"మల్లక్కదైతే చూడరాదు బిడ్డా" అంది అత్త, జావ గిన్నె గోకుతూ. "మొత్తం సదునైంది. తొక్కినట్టే ఉన్నది. ఎట్ల నడిచిందో ఏమో. దొరది, నీది మాత్రం ఒక్క తీరుగ ఉన్నయి. పక్కపక్కన పెడితే ఏది ఎవలదో సిస్టర్‌కు గూడ తెల్వకపోవు. పాపం దొర, ఎంత నొప్పి ఓర్చుకున్నడో."

ఆ చివరి మాట ఆమె నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందంటే, అంతకుముందు మాటకీ దానికీ పొత్తు కుదరలేదన్న సంగతి ఆమెకి తట్టనే లేదు. నాకు తట్టింది కానీ, సిగ్గు ముందుకొచ్చి అడ్డం నిలబడింది. మంచి ఎముక తీయించుకున్నదాన్ని. బెంచీ మీద అందరూ చూశారు. మా ఆయన ఆనంద్ ఫోన్లో ఫోటో కూడా తీశాడట.

నాకు నలభై మూడేళ్ళు. కోరుట్లలో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలతో పాటు కింద కూర్చోవాలి, లేవాలి, చంకనెత్తుకోవాలి. రెండేళ్ళుగా కుడి గజ్జల్లోంచి మోకాలి దాకా ఒక నొప్పి. మొదట కూర్చుంటే లేవలేకపోయేదాన్ని, తర్వాత కూర్చోలేకపోయాను. చర్చిలో అందరూ మోకరిస్తే నేనొక్కదాన్నే గోడకి ఆనుకుని నిలబడేదాన్ని. పాస్టరమ్మ ఒక ఆదివారం పక్కకి పిలిచి, "వనితా, మనసులో ఏమన్న గర్వమున్నదా?" అని అడిగింది. లెట్రిన్‌కి పోవడమంటే ఏడుపొచ్చేది. నల్లా పట్టుకుని, పళ్ళ బిగువున, సగం వంగి. అందుకే మధ్యాహ్నం నీళ్ళు తాగడం మానేశాను. ఇక పడకింట్లో సంగతి. కాళ్ళు ఎడం చేయలేకపోయేదాన్ని. నొప్పి అని చెబితే ఆనంద్ మొదట ఊరుకున్నాడు, తర్వాత అటు తిరిగి పడుకున్నాడు, ఆ తర్వాత ఒకరోజు పొద్దున్నే బూట్లు వేసుకుంటూ, "నేనంటే ఇష్టం లేకుంటే లేదని చెప్పు, నొప్పి మీదికి నూకకు" అన్నాడు. డ్యూటీకి పోయాడు. ఆయన ఆర్టీసీ కండక్టరు. బస్సులో ఎవరు టికెట్టు తీశారో ఎవరు తీయలేదో మొహం చూసి చెప్పగలనని గొప్ప. నా మొహం చూసి మాత్రం నేను అబద్ధమాడుతున్నానని తేల్చాడు.

అత్తది ఇంకో తీరు. "ముప్పై ఏండ్లు చాట ఒళ్ళె పెట్టుకోని బీడీలు చేసిన. పొద్దందాక ఒక్క తీరుగ కూసున్న. నాకు లేని నొప్పి నీకెక్కడిది?" అనేది. నిజంగానే ఎక్కడిది?

అందుకే ఎక్స్‌రే తీసిన రోజు నేను ఒక ప్రార్థన చేశాను. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు మండుతాయి. ఆ చల్లటి బల్ల మీద పడుకుని, "ప్రభువా, నా ఎముక అరిగిపోయి ఉండనీ" అనుకున్నాను. బాగుండనీ అని కాదు. ఎంత అరిగితే అంత మంచిది, ఇంటికి తీసుకుపోయి చూపించవచ్చు. జబ్బు ముదరాలని దేవుణ్ణి అడిగిన ఆడది నేను కాక ఇంకెవరుంటారు అనుకునేదాన్ని అప్పట్లో. ఇప్పుడైతే చాలామందే ఉంటారనిపిస్తుంది.

దేవుడు వినలేదు. హైదరాబాదు నుంచి వచ్చే ఆ డాక్టరే ఫిల్ము లైటు మీద పెట్టి, "ఇందులో తక్కువే కనిపిస్తోందమ్మా" అన్నాడు. తర్వాత నన్ను పడుకోబెట్టి కాలు కాస్త లోపలికి తిప్పాడు. నేను అరిచిన అరుపుకి బయట చెప్పులు విడుస్తున్నవాళ్ళు లోపలికి తొంగిచూశారు. "కాపురానికేమైనా ఇబ్బందిగా ఉందా?" అని అడిగాడు. అత్త పక్కనే ఉంది. లేదన్నాను. ఆయన నా మొహం చూసి మళ్ళీ అడగలేదు. మందులు, సూదులు, వ్యాయామం అన్నీ అయ్యాక, ఏడాది తర్వాత, "ఇక మార్చుకోవడమే. ఒకే ఆపరేషన్‌కి వచ్చినా అందరి కీళ్ళూ ఒకేలా ఉండవు. కొందరికి బాగా అరిగినా నొప్పి తక్కువ, కొందరికి కొంచెం అరిగినా బతకనివ్వదు. నేను ఆపరేషన్ చేసేది ఎక్స్‌రేకి కాదు కదా, మనిషికి" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పాను. ఆనంద్ చేయి కడుక్కుంటూ, "డాక్టర్లు గట్లనే అంటరు, వాళ్ళకు గిరాకి గావాలె" అన్నాడు.

వార్డులో నా పక్క మంచం మల్లక్కది. సిరిసిల్లలో మరమగ్గాలకి కండెలు చుట్టే పని. యాభై దాటి ఉంటుంది. సదునైపోయిన ఆ కీలుతోనే రోజూ ఆటో ఎక్కి దిగి పనికి పోయిందట. నాకు ఆమె ఎముక మీద ఆశ పుట్టింది. ఉన్నదున్నట్టు చెబుతున్నాను. ఆ ట్రే నా పేరు మీద వచ్చి ఉంటే అత్త నోరు మూతపడేది, ఆనంద్ తల వంచుకునేవాడు అనుకున్నాను. పక్కన మనిషి మూలుగుతుంటే ఆమె జబ్బు మీద కుళ్ళుకున్నాను.

మల్లక్క కొడుకు వచ్చి ఆమె మంచం పక్కన నిలబడి తిట్టాడు. "గింత అయ్యేదాక నోరెందుకు తెరువలేదు? డాక్టరు నలుగుట్ల నన్ను దులిపిండు. తల్లిని పట్టించుకోని కొడుకులమని పేరొచ్చె మాకు!" ఆమె గోడవైపు మొహం తిప్పుకుంది. అతను పోయాక చాలాసేపటికి నన్ను పిలిచింది.

"చెల్లె, నీది మంచిగున్నదట గదా."

"అవునట అక్కా."

"నువ్వే తెలివైనదానివి. టైముకు చెప్పినవు. నేను చెప్పకపోతిని. చెప్తే పని బందువెట్టుమంటరని చెప్పలె. ఇప్పుడు మొఖం చూపెట్టబుద్ధయితలేదు ఎవలకు."

చెప్పినందుకు నేను సిగ్గుపడుతున్నాను, చెప్పనందుకు ఆమె సిగ్గుపడుతోంది. మరి ఏ ఆడది ఎప్పుడు చెబితే సరిగ్గా ఉండేదో, ఆ ముహూర్తం ఎవరు పెట్టాలో. పై అంతస్తులో స్పెషల్ రూములో దొర ఉన్నాడు. పొద్దున్నుంచీ పండ్ల బుట్టలు మెట్లెక్కుతూనే ఉన్నాయి.

ఇంటికొచ్చిన మూడు వారాలకి వంటావార్పు పిలుపు వచ్చింది. కోరుట్ల బస్టాండు ముందు రోడ్డు మీదే వండుకుని తినాలి, ఇంటిల్లిపాదీ రావాలి. ఆనంద్ సమ్మె శిబిరంలో ముందు వరసలో ఉండేవాడు. "డ్రైవర్ల పెండ్లాలు, కండక్టర్ల పెండ్లాలు అందరస్తున్నరు. నువ్వు రాకుంటే నన్నేమంటరు?" అన్నాడు.

"డాక్టరు మూడు నెలలు కింద కూసోవద్దన్నడు. కూసుంటే కీలు జారుతదట. మళ్ళ కోయాల్నట" అన్నాను.

"నిన్నెవలు కూసోమన్నరు? మొఖం చూపెట్టి రా."

తెలంగాణ రావాలని నాకు మాత్రం లేదా? వాకర్ పట్టుకుని ఆటో ఎక్కాను. అత్త పక్కన కూర్చుంది. రోడ్డు మీద రాళ్ళ పొయ్యిలు, వాటి మీద పెద్ద పెద్ద గిన్నెలు, పొగ, డప్పులు. ఆడవాళ్ళు చాపల మీద కూర్చుని టమాటలు తరుగుతున్నారు. ఆ పొగలో నిలబడితే నిజంగానే ఒంట్లోకి ఏదో బలం వచ్చినట్టయింది. అంతలో ఆనంద్ దోస్తు హన్మంతు ఎదురొచ్చాడు.

"వదినా, నడుస్తున్నవా? నీ బొక్క చూసినం ఫోన్ల! మస్తుగున్నది. ఇంక ఇరవై ఏండ్లు నడుచు గది, ఊకె తీపిచ్చుకున్నవు" అని నవ్వాడు. వెనక నిలబడ్డ ముగ్గురు నలుగురు కూడా నవ్వారు. చెడ్డవాళ్ళేం కాదు. రోజూ మా ఇంటికొచ్చి చాయ్ తాగేవాళ్ళే.

ఆ ఎముక ఒంట్లో ఏ చోటిది? డాక్టరు అక్కడ చెయ్యి పెడితేనే నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చీర మడతల వెనక ఇన్నేళ్ళు దాచుకున్న చోటిది, శిబిరంలో చేతులు మారింది. వాళ్ళు దాన్ని ఎముకగానే చూసి ఉంటారు. నాకు మాత్రం రోడ్డు మీద చీర ఊడినట్టే ఉంది.

"చూపెట్టినవా?" అన్నాను ఆనంద్‌తో, గొంతు తగ్గించి.

"ఎట్లున్నదని అడిగిండ్రు, చూపెట్టిన. బొక్కల సిగ్గేంది?" అన్నాడు.

అప్పుడే కారు ఆగింది. జగపతిరావు దొర దిగాడు, చేతికర్రతో. జనం జరిగి దారిచ్చారు. "ఆపరేషన్ అయిన మనిషి, అయినా తెలంగాణ కోసం అచ్చిండు!" అని మైకులో ఎవరో అరిస్తే చప్పట్లు మోగాయి. ఆనంద్ ఉరికి టెంటులోంచి రెండు కుర్చీలు తెచ్చాడు. ఒకటి కూర్చోవడానికి, ఒకటి కాలు చాపుకోవడానికి. కారులోంచి దిండు వచ్చింది. దొర కుదురుకున్నాక ఆనంద్ నా వైపు తిరిగాడు.

"నువ్వు గట్ల కొయ్య లెక్క నిలవడకు. అందరు జూస్తున్నరు. గా చాప మీద కూసో."

"మెల్లగ కూసో, నేను పట్టుకుంట" అంది అత్త నా రెక్క పట్టుకుని. "దొర ముంగట నిలవడతరా?"

నేను వంగాను. అబద్ధమెందుకు, నిజంగానే వంగాను. ఒక చెయ్యి వాకర్ మీద, ఒక చెయ్యి అత్త చేతిలో, కుడి మోకాలు మడవబోయాను. అన్ని కళ్ళ ముందు నిలబడి ఉండటం కంటే కీలు జారిపోవడమే నయమనిపించింది ఆ క్షణం. లోపల కొత్త కీలు దగ్గర ఏదో లాగినట్టయింది. డాక్టరు చెప్పింది గుర్తొచ్చింది. మళ్ళీ కోయాలి. మళ్ళీ ట్రే. మళ్ళీ ఫోటో.

నిటారుగా లేచాను. ఎదురుగా దొర. నా నోట్లోంచి ఆ మాట ఎట్లా వచ్చిందో తెలియదు.

"సార్, మీ బొక్క ఎట్లుండె?"

ఆయన అయోమయంగా చూశాడు. "ఏ బొక్కమ్మా?"

"మీ తుంటిల తీసింది. మీది, నాది ఒక్కనాడే తీసిండ్రు జగిత్యాలల."

"ఓహో, నువ్వు గూడనా? ఏమోనమ్మా, నేను జూడలె. ఎవలు గూడ చెప్పలె, నేను అడుగలె" అన్నాడు. ఆ ప్రశ్న ఎందుకడిగానో ఆయనకి నిజంగానే అర్థం కాలేదు. "నొప్పి లేసింది, మార్పిచ్చుకున్న. తీసినంక అది ఎట్లుంటే ఏంది?"

"అంతే గద దొరా" అన్నాడు హన్మంతు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఫోను తీయలేదు. ఆనంద్ కూడా, ఎంతో సబబైన మాట విన్నట్టు తలూపాడు. ఆ తల ఊపడం నేను చూశాను. రెండేళ్ళుగా నేను చెప్పింది ఈ మాటే. ఒక్కసారన్నా ఆ తల అలా ఊగలేదు.

సిగ్గు పోలేదు. ఒంటినిండా అలాగే ఉంది, చెవులు మండుతూనే ఉన్నాయి. అత్త చేతిలోంచి నా చెయ్యి తీసుకుని రెండు చేతులతో వాకర్ పట్టుకున్నాను.

"ఇగో," అన్నాను ఆనంద్‌తో, పొయ్యిల దగ్గరున్న వాళ్ళకి కూడా వినిపించేటట్టు. "నాకు గూడ నొప్పి లేసింది. సారు కాలు కిందున్న కుర్చి గిటు తే."