నలభై ఏడో వరస

నేను పురుగులు పెంచుతాను. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు ఓ అడుగు వెనక్కి వేస్తారు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను కాబట్టి ఇప్పుడు నేనే ముందు కాస్త జాగా ఇచ్చి మరీ చెబుతాను.

మా వరి పరిశోధనా కేంద్రం వెనకవైపు, వల కట్టిన రెండు తలుపుల గది నా రాజ్యం. నేను పెంచేది సుడిదోమని. చెవి దగ్గర రొద పెట్టే దోమ కాదిది. గోధుమ రంగులో, బియ్యపు గింజలో సగం ఉంటుంది. వరి దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీల్చేస్తుంది. నాలుగు రోజులు కన్ను మూసి తెరిచేసరికి పచ్చటి చేను సుడులు సుడులుగా మాడిపోయి ఉంటుంది. మా దగ్గర పుట్టిన కొత్త రకం ఏదైనా సరే, రైతు చేతికి వెళ్ళేముందు నా దోమల నోట్లో పడి బతికి బయటపడాలి. అందుకే ఇక్కడ అందరికీ నేను దోమలక్కని. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. ఇప్పుడు ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, ఎవరినో అనుకుని పక్కకి చూస్తాను.

పరీక్ష పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. ట్రేలో మట్టి పోసి, వరసకి ముప్పై మొలకలు పెంచుతాం. రెండు చివర్లా, మధ్యలోనూ దోమకి ఇట్టే లొంగిపోయే ఓ పాత రకం ఉంటుంది. మొలకకి పది పిల్లదోమల చొప్పున వదిలి, వల మూసేస్తాం. ఆ లొంగే రకం పూర్తిగా చచ్చాకే మిగతా వరసలకి మార్కులు వేయాలి. అది చావలేదంటే దోమల్లోనే పస లేనట్టు. అప్పుడు ఏ వరస నిలబడినా అది నిలబడడం కాదు.

ఈ సంగతి మా కేంద్రంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. తప్పు చేసింది కూడా నేనే.

నలభై ఏడో నంబరు మా డాక్టరమ్మ కన్నబిడ్డ లాంటిది. ఆమె తలనొప్పికి బిళ్ళ కూడా ఇవ్వలేని డాక్టరు. ఆమె చదువంతా వరి మొక్కలకి సంబంధాలు కుదర్చడమే. దోమని తట్టుకునే ఓ పాత ఎర్రగింజ రకాన్నీ, బాగా పండే తెల్లగింజ రకాన్నీ కలిపి, వాటి సంతానంలో ఏరి, మళ్ళీ ఏరి, ఎనిమిదేళ్ళకి ఈ నలభై ఏడుని పట్టుకుంది. ఈసారి నా ట్రేలో నెగ్గితే కమిటీ ముందుకి వెళుతుంది. కమిటీ సరేనంటే కొంతమంది రైతుల పొలాల్లో వేస్తారు.

ఆ రైతుల్లో మా అన్నయ్య ఉండాలన్నది నా పంతం.

పన్నెండేళ్ళ కిందట ఇలాగే ఓ కొత్త రకం మా పరీక్షలో నెగ్గింది. నేనే వెళ్ళి, 'కళ్ళు మూసుకుని వెయ్యి అన్నయ్యా, దోమ దీని జోలికి రాదు' అన్నాను. అన్నయ్య కళ్ళు మూసుకునే వేశాడు. కోతకి ఇరవై రోజులుందనగా దోమ పడింది. ఉన్న పొలమంతా మాడి, గడ్డి కూడా పశువులకి పనికిరాలేదు. నన్నొక్క మాట అనలేదు. కానీ నలుగురిలో ఎప్పుడైనా నా ఉద్యోగం మాట వస్తే, "మా చెల్లి దోమల్ని పెంచుతుంది, మా చేలో మేపుతుంది" అని నవ్వేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని, లోపల చచ్చిపోతూ. ఆ తర్వాత నా చేతి నుంచి గుప్పెడు విత్తనం తీసుకోలేదు.

సరే, పరీక్ష పెట్టాం. మామూలుగా ఎనిమిదో రోజుకి చావాల్సిన లొంగే రకంలో, పన్నెండో రోజుకి కూడా ముప్పైకి ఏడెనిమిది మొలకలు ఊపిరితో ఉన్నాయి. నలభై ఏడు మాత్రం ముప్పైకి ముప్పై పచ్చగా నవ్వుతోంది. డాక్టరమ్మ పెన్ను పట్టుకుని తటపటాయించింది.

"ఆ ఏడూ రేపో మాపో పోయేవే లెండి. రాసేయండి డాక్టరమ్మా" అన్నాను. నోరు నాదే, ఇంకెవర్నీ అనడానికి లేదు.

ఆ సాయంత్రమే అన్నయ్యకి ఫోన్ చేశాను. ముప్పైకి ముప్పై అని మూడుసార్లు చెప్పాను. ఎవరు లెక్కపెట్టారని అడిగాడు. చివరికి, "ఎకరం. నీ మొహం చూసి ఎకరం వేస్తాను. అంతే" అన్నాడు. ఆ రోజు నేల మీద నడిస్తే ఒట్టు.

మూడో రోజు దోమల పెట్టెలు కడగడానికి కూర్చున్నాను. ఒక్కో పెట్టెలో దోమలకి మేతగా లొంగే రకం మొక్కలు పెడతాను. పది రోజుల్లో అవి వాలిపోతాయి, మళ్ళీ కొత్తవి పెట్టాలి. ఇరవై ఆరేళ్ళుగా నా నడుము విరుగుతున్నది ఈ మార్పిడితోనే. ఈ మధ్య మాత్రం పదిహేను రోజులైనా మొక్కలు వాలడం లేదు. వయసు మీద పడ్డాక దేవుడు దయతలిచాడనుకుని సంతోషించాను. ఇప్పుడు ఓ మొక్క పీకి వెలుతురులో పట్టుకుని చూశాను. వందల దోమల మధ్య పదిహేను రోజులుండి కూడా పచ్చగా ఉంది. లొంగే రకానికి అంత పొగరు ఎక్కడిది?

స్టోరు గదికి పరిగెత్తాను. మేత విత్తనం బస్తా మీద చీటీ ఎలుక కొట్టేసి సగమే మిగిలింది. ఉండాల్సిన చోటే ఉంది కదా అని రెండు నెలలుగా అందులోంచే తీసుకుంటున్నాను. ఒక వడ్లగింజ నోట్లో వేసుకుని పంటితో పొట్టు తీశాను. మేత రకం గింజ తెల్లగా ఉండాలి. నాలుక మీంచి వేలి కొసకి తీసి చూస్తే ఎర్రగా ఉంది. దోమకి గిట్టని ఆ ఎర్రగింజ రకాన్నే రెండు నెలలు నా దోమలకి మేతగా పెట్టాను. ట్రేలోకి విత్తనం డాక్టరమ్మ విడిగా ఇస్తుంది కాబట్టి అది మాత్రం సరైనదే. సగం కడుపుతో పెరిగిన పిల్లల్ని తెచ్చి పందెంలోకి దింపాను. నలభై ఏడు నెగ్గిందో, నా దోమలు నీరసపడ్డాయో ఇక ఎవరు చెప్పాలి?

ఆ గింజ మళ్ళీ నోట్లో వేసుకుని మింగేస్తే సరిపోయేది. చూసినవాళ్ళు లేరు. మార్కులు రాసేశారు, అన్నయ్య ఒప్పుకున్నాడు, డాక్టరమ్మ రెండ్రోజులుగా పాటలు పాడుకుంటోంది. అబద్ధం చెప్పక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు. బస్తా పక్కన కూర్చుని చాలాసేపు ఆ ఎర్రగింజనే చూశాను. చూసిన కొద్దీ అన్నయ్య ఎకరం కనబడింది.

గింజ తీసుకెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పెట్టాను. జరిగింది చెప్పాను. ఆమె లేచి తలుపు మూసింది. ఎవరికీ చెప్పొద్దంటుందని భయపడ్డాను, అంటే ఒప్పుకుంటానేమోనని ఇంకా భయపడ్డాను.

ఆమె మార్కుల కాగితం తీసి, ఈ మూల నుంచి ఆ మూలకి గీత కొట్టింది.

"పన్నెండో రోజున నాకూ అనుమానం వచ్చిందక్కా. రాయకుండా ఉండాల్సింది నేను" అంది. కళ్ళు తుడుచుకుని, "కమిటీకి పది వారాలుంది. మీ దోమలు అందుకుంటాయా?"

"అందుకుంటాయి."

"మరి మన నలభై ఏడు నిలబడుతుందా?"

"అది దాన్నే అడగాలి."

అన్నయ్యకి ఫోన్ చేసి, పరీక్ష చెల్లదు, తప్పు నాదే అన్నాను. "పోయినసారి కూడా ఇలా ముందే చెప్పుంటే బావుండేది" అన్నాడు.

"పోయినసారి నాకు తెలీదన్నయ్యా."

ఫోన్ పెట్టేశాడు.

గది మూల ఓ కుంటి పెట్టె ఉంది. కాలు విరిగిందని దాన్ని కదపలేదు, మేతగా కూడా పాత బస్తా అడుగున మిగిలిన తెల్లగింజ మొక్కలే పడ్డాయి. అందులో అరవై దోమలు మిగిలాయి. ఆ అరవైని కళ్ళలో పెట్టుకుని చూసుకున్నాను. ఈసారి ప్రతి గుప్పెడు విత్తనంలోనూ పది గింజలు కొరికి చూశాకే నాటాను. పది రోజుల దాకా ఆగకుండా వారానికే మేత మార్చాను. దోమల్ని తినే సాలీడు కనబడితే శత్రువు కనబడినట్టే. మా ఇంట్లో పిల్లలకి ఒంట్లో బాగాలేనప్పుడు కూడా ఇన్నిసార్లు లేచి చూడలేదని మా ఆయన దెప్పాడు. నిజమే, చూడలేదు. దోమల్లో రెండు తరాలు గడిచేసరికి పెట్టెలన్నీ నిండాయి. ఇక మేత మొక్కలు ఆరో రోజుకే కుప్పకూలడం మొదలుపెట్టాయి. నడుము విరిగిపోతుంటే అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ట్రే సిద్ధమైంది. మొలకకి పదిహేను పిల్లదోమల చొప్పున వదలడానికి కూర్చున్నాను.

"పది చాలక్కా, పుస్తకంలో ఉన్నది అంతే" అంది డాక్టరమ్మ.

"పుస్తకం మీది. అన్నయ్య నావాడు" అన్నాను. ఆమె కాగితం మీద పదిహేను అని వేసింది.

ఐదో రోజుకి లొంగే రకం పసుపెక్కింది. ఏడో రోజు పొద్దున చూసేసరికి ఒక్క మొలక మిగలకుండా ఎండుగడ్డి అయిపోయింది. మిగతా వరసలు ఒకదాని మీద ఒకటి పడిపోయాయి. నలభై ఏడులో మూడు మొలకలు పోయాయి. ఆకుల కొసలు కాస్త ఎండాయి. ఇరవై ఏడు నిటారుగా నిలబడ్డాయి. డాక్టరమ్మ ఒక్కొక్కటీ వేలితో ముట్టి రెండుసార్లు లెక్కపెట్టింది. నేను లెక్కపెట్టలేకపోయాను, కళ్ళలో నీళ్ళు.

ఎనిమిదో రోజు అన్నయ్యని రమ్మన్నాను. వస్తాడనుకోలేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి నా గది గుమ్మం ముందు నిలబడ్డాడు. తెల్లకోటు తొడిగితే భుజాల దగ్గర బిగుసుకుపోయి, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. రెండో తలుపు కూడా మూశాక ట్రే దగ్గరికి తీసుకెళ్ళాను.

చచ్చిన వరసలు చూశాడు. పచ్చటి వరస చూశాడు.

"ఇందులో మూడు పోయాయే."

"పోయాయి. అలాగే రాశాం" అన్నాను.

తలూపాడు. నలభై ఏడో వరస మొదట్లో వేలితో మెల్లగా తట్టాడు. దోమలు చిటపటా దూకాయి. ఒకటి ఆయన గోటి మీద వాలింది. చెయ్యి వెలుతురులోకి తిప్పి దాన్ని చాలాసేపు చూశాడు. పన్నెండేళ్ళ కిందట పొలం గట్టు మీద కూర్చుని ఆయన ఇలాగే చెయ్యి తిప్పుకుని చూడడం నాకు గుర్తొచ్చింది.

"అవే" అన్నాడు.

"అవే అన్నయ్యా."

"ఆ రోజు నా చేల్లో పడ్డవి కూడా ఇంత లేవే." ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని చూశాడు. "దుక్కల్లా పెంచావు."

ఎంతోమంది పెద్ద పెద్దవాళ్ళు నా గదికి వచ్చి వెళ్ళారు, మెచ్చుకుని ఫొటోలు తీసుకున్నారు. ఎవరూ నా దోమల్ని ఇలా మెచ్చుకోలేదు.

అన్నయ్య ఆ దోమని దులిపేయలేదు. మెల్లగా ట్రేలోకి, పచ్చటి వరస మీదికే వదిలి, వల తనే మూశాడు.

"ఎకరం అన్నానా? మొత్తం వేస్తానని మీ డాక్టరమ్మకి చెప్పు" అన్నాడు.