చిలకల డబ్బా

శివరాం తానుండే ఇరుకు గదుల చాల్ మెట్లు దిగి నాలుగు నెలలైంది. కాలు విరగలేదు, జ్వరమూ లేదు. బొంబాయి కామాటిపురాలో సగం ఇళ్లకు రంగులు వేసిన మనిషి, పంతొమ్మిది వందల ఎనభై ఆరులో ఒక పొద్దున గోడవైపు తిరిగి పడుకున్నాడు, అంతే. మనసు జబ్బన్నాడు దవాఖానా డాక్టరు. గోళీలిచ్చి, చేతులకు పని పెట్టమన్నాడు, బొమ్మలు గీయమన్నాడు.

"నేను గోడలకు రంగులేసెటోన్ని. బొమ్మలు నాకేం తెల్సు?"

భార్య భూదేవి ఊరుకునే రకమా! మిగిలిన రంగులూ కుంచే తెచ్చి ముందు పడేసింది. ఇంట్లో కాగితం లేదు. కంటికి కనిపించింది ఒక్కటే, పొద్దున్నే దొడ్డికి నీళ్లు పట్టుకెళ్లి సండాసు ముందు వరుసలో పెట్టే డాల్డా డబ్బా. "నా బతుక్కు ఇదే సరి" అని ఉక్రోషంగా దానిమీద చిలకను గీశాడు. అది కాకిలా వచ్చింది. సిగ్గేసి తుడిచి మళ్లీ గీశాడు. పది రోజుల్లో డబ్బా చుట్టూ చిలకలు, వేపరెమ్మలు. గోడవైపు తిరగడం మరిచిపోయాడు గానీ మెట్లు మాత్రం దిగలేదు. కిందికి చూస్తేనే గుండె దడ.

బోనాల ముందురోజు పాలమూరు నుంచి చిన్నమ్మ సాయమ్మ వచ్చింది. మర్నాడు భూదేవి కొత్త కుండ కొనడానికి వెళ్లింది. ఈలోగా సాయమ్మ మూలనున్న డబ్బాను చూసి, అక్క కొడుకు పోచమ్మకు బోనం ఎంత ముద్దుగా సింగారించాడో అని మురిసిపోయింది. కడిగి, బెల్లమన్నం నింపి, పైన దీపం పెట్టి, నెత్తికెత్తుకుని డప్పుల వెంట నడిచింది.

శివరాం వరండాలోంచి చూశాడు. గల్లీలో జనం మధ్య తన చిలకలు ఊగుతూ పోతున్నాయి.

"చిన్నమ్మా, ఆగే! అది బోనం కాదే!"

డప్పుల్లో ఎవరికి వినబడుతుంది? రెండంతస్తులు ఎట్లా దిగాడో దిగాడు, బనియన్ మీద, చెప్పుల్లేకుండా. గుడి గడప ముందు ఆమె కొంగు పట్టుకున్నాడు.

"ఏందిరా కొడుకా, ఎత్తిన బోనం ఆపుతవా?"

చెవిలో చెప్పాడు. సాయమ్మ గబుక్కున డబ్బా దించి, "తల్లీ, తప్పయింది!" అని టపటపా లెంపలేసుకుంది. ఆ చప్పుడుకు శివరాంకు నవ్వు తన్నుకొచ్చింది. సంగతి తెలిసి గల్లీ అంతా నవ్వింది.

కొత్త కుండతో భూదేవి పరుగున వచ్చింది. ఆమె డబ్బాను చూడలేదు, మొగుణ్ని చూసింది.

"కిందికి ఎట్ల దిగినవయ్యా?"

అప్పుడు చూసుకున్నాడు శివరాం. నడిగల్లీలో నిలబడి ఉన్నాడు. భూదేవి ఏడ్చేసింది. అతని కళ్లూ నిండాయి.

"ఏడుపులు తర్వాత. అమ్మోరు ఎదురుచూస్తున్నది, జల్ది గీయి" అంది సాయమ్మ.

గుడిమెట్ల మీద కూర్చుని, పసుపులో వేలు ముంచి, కుండమీద చిలకను గీశాడు. నవ్వు ఆగక అది కాకిలాగే వచ్చింది.

ఈసారి తుడవలేదు.