తాయారు ఇంట్లో సార్ లేరు

తాయారు స్నానానికి వెళ్ళేసరికి బాత్రూం కప్పు నిన్నటికంటే బారెడు ఎత్తుకి వెళ్ళిపోయి ఉంది. కప్పుతో పాటు షవరూ, దాన్ని తిప్పే పిడీ కూడా వెళ్ళాయి. కారడం మాత్రం మానలేదు. మెడలో ఎప్పుడూ ఉండే కొలతల టేపు తీసి ఆమె గోడకి ఆనించి చూస్తుంది. టేపు సరిపోదు.

ఎందుకు వెళ్ళాయో ఆమెకి తెలుసు. నిన్న ప్లంబరు సూరిబాబు వచ్చాడు. గుమ్మం దాటకుండానే, “సార్ లేరాండి?” అని అడిగాడు. లేరంది. ఎప్పుడొస్తారండి అన్నాడు. ఎప్పుడూ రారు, ఇల్లు నాది, కుళాయి నాది, లోపల వాషర్ అరిగిపోయింది, మార్చి వెళ్ళమంది. సూరిబాబు అంతా శ్రద్ధగా విని, సార్ వచ్చాక కబురెట్టమని చెప్పి, సంచీ భుజానేసుకుని మెట్లు దిగిపోయాడు. అప్పుడే బాత్రూంలో గోడలు సాగిన చప్పుడైంది.

తాయారుకి ఒళ్ళు మండిపోతోంది. కాకినాడలో ఈ వీధి మగవాళ్ళ చొక్కాలన్నీ ఆమె కుట్టినవే. రెండో అంతస్తులోని ఈ ఇల్లు మిషను తొక్కి తొక్కి కొనుక్కుంది. పెళ్ళి చేసుకోలేదు, దాని గురించి కూర్చుని విచారించే పనీ పెట్టుకోలేదు. రోజంతా పరాయి మెడలూ భుజాలూ కొలిచాక, సాయంత్రం తలుపు గడియ వేసుకుని తన ఇంట్లో తన నీళ్ళు తలమీద పడుతుంటే నిలబడటం, అంతే ఆమెకి కావలసింది. ఆ కాస్త సుఖానికీ సార్ ఒకడు అడ్డం రావాలా? లేని సార్?

కింది ఇంటి మార్కండేయులు గారు పైకి వస్తాడు. తన ఇంటి కప్పు చెమ్మెక్కిందని, చుక్కలు సరిగ్గా తన దిండు మీదే పడుతున్నాయని ఆయన బాధ. తాయారు సంగతి చెప్పబోతుంది. ఆయన ఆమె భుజం మీదుగా ఇంట్లోకి తొంగిచూస్తాడు.

“సార్ లేరాండి? ఇలాంటివి మగాళ్ళం మాటాడుకుంటే తేలిపోతాయండి.”

కప్పు మళ్ళీ లేస్తుంది. ఇప్పుడు చుక్క పైన బయల్దేరిన చప్పుడు విని తాయారు చొక్కాకి ఒక గుండీ కాజా కుట్టడం మొదలుపెడితే, అది కింద పడేసరికి కాజా పూర్తవుతుంది. పని బాగానే సాగుతోంది కానీ కోపం తగ్గడం లేదు.

మేకుకి ఒక చారల చొక్కా వేలాడుతోంది. ఎవరో కుట్టించుకుని పట్టుకెళ్ళలేదు. తాయారు దాన్ని తీసి, కసికొద్దీ కుర్చీ వీపుకి తొడుగుతుంది. చొక్కా చేతులు రెండూ కుర్చీ చేతుల మీద పెడుతుంది. ఇదిగో మీ సార్, ఏడవండి, అనుకుంటుంది.

వెంటనే తలుపు చప్పుడవుతుంది. సూరిబాబు. ఈసారి హవాయి చెప్పులు గుమ్మం బయట విప్పి, లోపలికొచ్చి చొక్కాకి దండం పెడతాడు.

“వాషర్ పోయిందండి సార్. అరిగిపోయిందండి,” అంటాడు.

నిన్న ఆ ముక్క చెప్పింది తాయారే. చొక్కా కాలరు మెల్లగా ఊగుతుంది. మార్కండేయులు గారు కూడా వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. సార్ చాలా మర్యాదస్తులని సూరిబాబుతో అంటాడు. కాఫీ పెట్టమని తాయారుకి చెబుతారు. ఆమె పెట్టదు. అయినా చొక్కా ముందుకి కాఫీ కప్పు వస్తుంది, కాసేపటికి ఖాళీ అవుతుంది, జేబు దగ్గర చిన్న మరక పడుతుంది. చివరికి చొక్కా పై కాజాలోంచి తీర్పు చెబుతుంది.

“రేపు చూద్దాం.”

ఇద్దరూ తేలిగ్గా ఊపిరి పీలుస్తారు. సార్ మాటంటే మాటేనండి అంటాడు సూరిబాబు. బాత్రూం కప్పు ఎంత ఎత్తుకి పోతుందంటే, అక్కడ పావురాలు తిరుగుతుంటాయి.

“రేపెందుకు?” అంటుంది తాయారు.

“నీకు తెలీదు. నువ్వు లోపలికెళ్ళు,” అంటుంది చొక్కా.

తాయారుకి చిర్రెత్తుకొస్తుంది. ఇంతమంది ఇన్నిసార్లు అడిగినా గొంతు పెంచని మనిషి, ఇప్పుడూ పెంచదు. కత్తెర తీసుకుని వచ్చి కుర్చీ ముందు నిలబడుతుంది.

“ఆ నోరు నేను కుట్టిందే. నా ఇంట్లో నాకు తెలీదంటావా?”

ముందు కుడి చేతి కుట్టు విప్పుతుంది. బాత్రూం కప్పు బారెడు కిందికి దిగుతుంది. అయ్యో సార్ అంటూ సూరిబాబు లేస్తాడు. ఎడమ చెయ్యి విప్పుతుంది. పావురాలు కిటికీలోంచి బయటికి వచ్చేస్తాయి. కాలరు ఊడదీసేటప్పుడు చొక్కా రేపు, రేపు అని గొణుగుతుంది. కాజా ఉన్న పట్టీ వేరయ్యాక ఆ మాట కూడా ఆగిపోతుంది, బాత్రూం కప్పు పాత ఎత్తుకి దిగి నిలుస్తుంది. కుర్చీ మీద గుడ్డముక్కలు మిగులుతాయి, కొలతల ప్రకారం చక్కగా కత్తిరించినవి.

తాయారు గుమ్మం బయటికి వెళ్ళి సూరిబాబు చెప్పు ఒకటి తెస్తుంది. చొక్కాల చంకల గుండ్రాలు వేల కొద్దీ కత్తిరించిన చెయ్యి. మడమ దగ్గర రబ్బరులోంచి రూపాయి బిళ్ళకన్నా చిన్న చక్రం కోసి, మధ్యలో కన్నం చేస్తుంది. సూరిబాబు సంచీలోంచి పానా తీసుకుంటుంది. అతను చొక్కా ముక్కల వైపు చూస్తాడు, అడ్డు చెప్పేవాళ్ళు లేకపోయేసరికి ఊరుకుంటాడు. ఆమె నీళ్ళొచ్చే గేటు వాల్వు కట్టి, చేతికి అందుతున్న పిడి ఊడదీసి, అరిగిన వాషర్ తీసి పారేసి, రబ్బరు చక్రం కూర్చి, పానాతో బిగిస్తుంది. వాల్వు తిప్పుతుంది. షవరు కారదు. పైనించి ఎప్పుడో బయల్దేరిన ఆఖరి చుక్క ఇప్పుడొచ్చి ఆమె నుదుటి మీద పడుతుంది.

హాల్లో మార్కండేయులు గారు ఖాళీ కుర్చీ వైపు తిరుగుతాడు.

“మరి సార్...” అంటాడు.

ఆయన చొక్కా పై గుండీ తెగి, టప్పుమని నేల మీద పడుతుంది. తరవాత రెండోది. సూరిబాబు గుండీలు కూడా ఒకటొకటిగా కారుతున్నాయి. కిటికీలోంచి వీధి వినిపిస్తోంది: టప్, టప్, టప్. బండి మీద వెళ్తున్నవాళ్ళు, టీకొట్టు దగ్గర నిలబడ్డవాళ్ళు, ఆమె కుట్టిన చొక్కా తొడుక్కున్న ప్రతివాడి ఒంటి మీంచీ గుండీలు కారిపోతున్నాయి. హాల్లో ఉన్న ఇద్దరూ గుమ్మం బయటికి నడుస్తారు. వాళ్ళ వెనకే అందరూ రెండు చేతులతో రొమ్ములు కప్పుకుని మెట్లెక్కి వచ్చి ఆమె గుమ్మం ముందు వరసలో నిలబడతారు. గుండీలు వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి దొర్లుకుంటూ లోపలికొచ్చి, బాత్రూం తూములోకి దిగిపోతాయి. వరసలో మొదటివాడు ఒంటికాలికి చెప్పుతో నిలబడ్డ సూరిబాబు.

“మేడం గారూ,” అంటాడు తల వంచుకుని, “ఉన్నారాండి?”

“ఉన్నాను,” అంటుంది తాయారు. “రేపు చూద్దాం.”

తలుపు వేసి గడియ పెడుతుంది. టేపు తీసి మేకుకి తగిలిస్తుంది. బాత్రూంలోకి వెళ్ళి పిడి తిప్పుతుంది. షవరులోంచి తెల్లని గుండీలు గోరువెచ్చగా జలజలా ఆమె తలమీద, భుజాల మీద పడతాయి. కళ్ళు మూసుకుని, తనివితీరా, వీధి మొత్తం గుండీలన్నీ పోసుకుంటుంది. చాలనిపించాక పిడి కట్టేస్తుంది.

ఒక్క గుండీ కూడా కారదు.