నాలుగో మూల

బొంతను నాలుగు మడతలు పెట్టి ఎడమ భుజం మీద వేసుకున్నాడు. చంటిపిల్లల బొంత అది. పసుపు రంగు వెలిసి, అంచు ఒకవైపు కుట్టకుండానే మిగిలిపోయింది.

"ఇంకా ఆరలేదు" అంది భార్య.

"ఎలాగూ చెమటకి తడిసేదేగా" అన్నాడు.

ఆయన భుజం అద్దెకిస్తాడు. ఇంటికి ఒక్క బిడ్డే అన్న చట్టం వల్ల పుట్టిన ఉద్యోగమిది. అన్నదమ్ములు లేరు, బాబాయిలు లేరు. మేనత్త అంటే ఏమిటో బళ్ళో పాఠం చెబితే తప్ప పిల్లలకు తెలియదు. మనిషి పోతే శవపేటికకు నాలుగు భుజాలు కావాలి, ఇంట్లో ఉండేది ఒకటి. మిగతా మూడూ ఇలా అద్దెకొచ్చే వాళ్ళవి.

ఆ ఉదయం ఒక టీచరమ్మను మూడో అంతస్తు నుంచి దించారు. మెట్లు దిగేటప్పుడు పొడుగువాడు ముందుండాలి, లేకపోతే బరువంతా కాళ్ళ వైపు జారుతుంది. అందుకే ఆయనెప్పుడూ ముందే. మూత తీసి ముఖం చూడందే మాత్రం పెట్టె ఎత్తడు. అది మర్యాద అనుకుంటారు తోటివాళ్ళు. మర్యాదా, పాడా! ఇరవై ఏళ్ళుగా ఒక ముఖం కోసం వెతుకుతున్నాడు. ఈ పనిలో చేరిందే అందుకు.

రెండో ఇల్లు సందు చివర. వాకిట్లో పెట్టె, పక్కన కళ్ళజోడు పెట్టుకున్న కొడుకు. ఆయన వంగి మూత తీశాడు.

కనుబొమ మీద గాటు. జనాభా ఆఫీసరు!

ముప్ఫై ఏళ్ళ కిందట ఈ మనిషే జీపులో వచ్చాడు. భార్యకు ఏడో నెల. గుమ్మం పట్టుకుని వదలకపోతే ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీయించాడు. మూడేళ్ళ కూతురు చూస్తుండగా తను కాళ్ళ మీద పడితే, "ఇంటికి ఒక్కరు చాలు" అని బూటుతో పక్కకు నెట్టాడు. మగపిల్లాడని తర్వాత నర్సు చెప్పింది. వాడి కోసం కుడుతున్న ఈ బొంత అంచులో ఆమె మళ్ళీ సూది గుచ్చలేదు.

నిద్రలోనే పోయాడట. అంత సుఖంగా పోయినందుకు ఆయన ఒళ్ళు మండిపోయింది.

మూత మూసి, బొంతను భుజం మీద నుంచి తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏంటన్నా, భుజం పట్టేసిందా?" అన్నాడు తోటి మోతగాడు.

"బాగానే ఉందిరా. ఇవ్వను."

కొడుకు కంగారుగా దగ్గరకొచ్చాడు. "మీరు లేకపోతే ఎలాగండీ? నేనొక్కణ్ణే కదా!"

"మీ నాన్నే చెప్పాడు బాబూ, ఇంటికి ఒక్కరు చాలని."

కుర్రాడి తప్పేమీ లేదని ఆయనకు తెలుసు. తన కొడుకు మాత్రం ఏం తప్పు చేశాడు?

వెనక్కి తిరక్కుండా సందులోకి నడిచాడు. కళ్ళజోడు కుర్రాడూ, మిగిలిన ఇద్దరూ వంగి పెట్టెను లేపారు. నాలుగో మూల గచ్చు మీదే ఉండిపోయింది.